గేటు తాళం ఎవరి దగ్గర ఉండాలి: కర్నూలు అడ్డా ఎదుట మా సంఘం పని డైరీ

2025 ఫిబ్రవరి, రెండో వారం

మా మెథడిస్టు చర్చి కర్నూలు పాత ఊరి అంచున, హంద్రీ వైపు పోయే దారి మీద ఉంది. గేటుకు ఎదురుగా ఉన్న కూడలిలో తెల్లవారక ముందే కూలీల అడ్డా మొదలవుతుంది. బేల్దారులు, సెంట్రింగ్ పనివాళ్లు, ఇసుక ఇటుకలు మోసే ఆడవాళ్లు, గుంతలు తవ్వేవాళ్లు తట్టా పారా, సద్ది క్యారియర్ చేతపట్టుకొని రోడ్డు అంచున నిలబడతారు. కొందరు ఊళ్లోని కాలనీల నుంచి నడిచి వస్తే, కొందరు కోడుమూరు, గూడూరు వైపు పల్లెల నుంచి మొదటి బస్సుకు దిగుతారు. ఇన్నేళ్లుగా మేము ఆదివారం ఆరాధనకు బైకులు లోపలికి తీసుకుపోవడానికి వాళ్లను కాస్త పక్కకు జరగమని అడగడం తప్ప, వాళ్లకూ మాకూ మధ్య మాట కలిసింది చాలా తక్కువ.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలంలో చుట్టుపక్కల జనానికి ఏదైనా మేలు చేయాలని సేవా కమిటీలో అనుకున్నప్పుడు ఎప్పటిలాగే దుప్పట్లు, బియ్యం పొట్లాలు, ఒకరోజు వైద్య శిబిరం అనే మాటలు వచ్చాయి. ఇవన్నీ ఫొటో తీసుకోవడానికి అనుకూలమైన పనులు. ఫొటో అయిన మరుసటి ఉదయం అడ్డా యథాప్రకారం ఉంటుంది. అందుకే యువజనుల్లో ఇద్దరు, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వెళ్లి, ఏం కావాలో అక్కడ నిలబడిన వాళ్లనే అడిగి రావాలని నిర్ణయించాము. కమిటీ కార్యదర్శిగా ఈ డైరీ రాసే బాధ్యత నాకు అప్పగించారు.

మగవాళ్లు నీళ్లు అడిగారు. ఆడవాళ్లు మొదట ఏమీ అడగలేదు. మా వాళ్లలో పెద్దావిడ పక్కకు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిన తరువాత ఒకామె చెప్పింది: "దొడ్డికి పోయేకి జాగా లేదమ్మా. అందుకే పొద్దున నీళ్లు తాక్కుండా వస్తాం. పనికాడ కూడా అట్లే." మిగిలిన ఆడవాళ్లందరూ అవునన్నారు. ఎండాకాలంలో కర్నూలులో నలభై డిగ్రీలు దాటే ఎండలో స్లాబ్ పనికి వెళ్లే మనిషి తెల్లవారినప్పటి నుంచి నీళ్లు తాగకుండా ఉండడం ఎంత ప్రమాదమో మా సంఘంలోని నర్సు, మేము నర్సమ్మ అని పిలిచే ఆమె, కమిటీకి వివరించారు. వడదెబ్బ ఒక్కటే కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్లు, మూత్రపిండాల్లో రాళ్లు కూడా ఈ అలవాటు నుంచే వస్తాయని ఆమె అన్నారు. మా ఆవరణలో మరుగుదొడ్డి ఉంది. అది వారానికి ఒక్క ఆదివారం మాత్రమే తెరుచుకుంటుంది. ఆ సంగతి మాలో ఎవరికీ అంతవరకు వింతగా తోచలేదు.

ఫిబ్రవరి చివర

కమిటీలో వాదన మొదలైంది. దాని నేపథ్యం కొంత చెప్పాలి. రాయలసీమలో క్రైస్తవ సేవ అనగానే జనానికి గుర్తుకు వచ్చేవి ఆసుపత్రులు, బడులు, హాస్టళ్లు. అవి ఎక్కువగా ఇతర మిషన్లు కట్టినవి. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషన్, నంద్యాల వైపు ఎస్.పి.జి. అనే ఇంగ్లండు మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. మెథడిస్టుల పని తెలుగునాట ఎక్కువగా తెలంగాణ వైపు సాగింది. అందులో మెదక్ ప్రాంతపు వెస్లియన్లు, అంటే బ్రిటిష్ మెథడిస్టులు, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసిపోయారు. అమెరికన్ మెథడిస్టుల నుంచి వచ్చిన శాఖ విడిగా నిలిచి, 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. మా సంఘంలో సగం కుటుంబాలు వికారాబాదు, జహీరాబాదు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడినవే. మాకు ఆసుపత్రి లేదు, బడి లేదు. ఒక గుడి, ఒక వేపచెట్టు, ఒక బోరు, ఒక మరుగుదొడ్డి, చుట్టూ ఒక గోడ ఉన్నాయి. కాబట్టి "మన దగ్గర ఏముందని చేస్తాం?" అని ఒక పెద్దాయన అన్నప్పుడు, ఉన్నవాటి పట్టిక రాయడమే జవాబు అయింది.

అసలు అభ్యంతరం వేరే ఉంది. గేటు తెరిచి పెడితే మైకు సెట్టు, కానుకల పెట్టె, కుర్చీలు ఎవరు కాపాడతారు? పాస్టరుగారు ఉన్నారు కదా అని అందరూ ఆయన వైపు చూశారు. నాకు అక్కడే సందేహం కలిగింది. మెథడిస్టు పద్ధతిలో పాస్టరు ఒకచోట స్థిరంగా ఉండరు. సంఘాలన్నీ కలిసే కాన్ఫరెన్సులో చదివే నియామకాల జాబితాలో పేరు వచ్చిన చోటికి పెట్టె సర్దుకొని వెళ్లాలి. పాస్టరుగారి ఉత్సాహంతో మొదలై ఆయన బదిలీతో ముగిసిన పనులు ఏ సంఘంలో అడిగినా వరుసగా చెబుతారు. వాటిలో కుట్టు శిక్షణ ఒకటి, సాయంకాలపు ట్యూషన్ మరొకటి. కుట్టుమిషన్లు మా వెస్ట్రీలో, అంటే గుడి పక్క గదిలో, ఇప్పటికీ ముసుగు వేసుకొని ఉన్నాయి. పాస్టరు మారతారు, పేట మారదు. కాబట్టి ఈ పని తాళంచెవి పాస్టరుగారి దగ్గర ఉండకూడదని నేను గట్టిగా వాదించాను. ఆయనే నన్ను ముందుగా సమర్థించారు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదని కూడా ఆయన గుర్తు చేశారు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరపు అప్పు తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున పోగుచేయాలనుకున్నారు. పదిపన్నెండు మందికి ఒకరు బాధ్యత తీసుకొని ఇల్లిల్లూ తిరగడంతో క్లాసు పద్ధతి పుట్టింది. 1743లో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అచ్చువేయించిన సాధారణ నియమాల్లో క్లాసు నాయకుని పని స్పష్టంగా ఉంటుంది. తన క్లాసులోని ప్రతి మనిషినీ వారానికి ఒక్కసారైనా కలవాలి, బీదల సహాయానికి వాళ్లు ఇచ్చింది తీసుకోవాలి, దాన్ని సంఘపు డబ్బు చూసే స్టివార్డులకు లెక్క అప్పగించాలి. ఆ నాయకుల్లో చాలామంది బోధకులు కారు. చెప్పులు కుట్టేవాళ్లు, నేతపనివాళ్లు, ఇంటిపని చేసుకునే స్త్రీలు ఆ బాధ్యత మోశారు. మా తాతల కాలంలో పల్లె సంఘాల్లోనూ క్లాసు నాయకులు ఉండేవారని పెద్దలు చెబుతారు. మేము సభ్యుల ఇళ్లను నాలుగు పేటలుగా విడదీసి, పేటకు ఒక బాధ్యుణ్ణి పెట్టి, ఒక్కొక్క వారం ఒక్కొక్క పేట గేటు చూసుకోవాలని రాసుకున్నాము.

ఖర్చుకు పిడికెడు బియ్యం పద్ధతినే ఎంచుకున్నాము. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తేవడం మా ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. ఇంతకాలం ఆ బియ్యాన్ని పాస్టరుగారి కుటుంబానికో, కోతకాల పండుగ వంటకో వాడేవారు. ఇకనుంచి నెలలో రెండు ఆదివారాల బియ్యాన్ని సంఘంలోనే వేలం వేసి, ఆ డబ్బు గేటు పనికి కేటాయిస్తాము.

మార్చి 5, భస్మ బుధవారం

శ్రమల కాలం మొదలయ్యే ఈరోజు తెల్లవారుజామున గేటు తెరిచాము. బోర్డు మీద ఏం రాయాలన్నదానికి కమిటీలో చాలాసేపు పట్టింది. చివరకు "తాగునీళ్లు, స్త్రీలకు మరుగుదొడ్డి. ఉదయం ఐదున్నర నుంచి పది వరకు" అని మాత్రమే రాయించాము. బైబిలు వాక్యం రాయాలన్నవాళ్లు ఉన్నారు. నీళ్లు తాగితే ప్రార్థనకు కూర్చోబెడతారేమోనన్న అనుమానం అడ్డాలో ఉందని యువకులు ముందే చెప్పారు కాబట్టి, ఆ అనుమానానికి చోటివ్వకపోవడమే మంచిదని ఎక్కువమంది అన్నారు. "వాక్యం చెప్పకుండా నీళ్లిస్తే అది సువార్త ఎట్లా అవుతుంది?" అని ఒక స్టివార్డు అడిగిన ప్రశ్న తేలికైనది కాదు. దప్పిగొన్నవాడికి నీళ్లియ్యడానికి ఏ షరతూ పెట్టినట్టు సువార్తల్లో ఎక్కడా కనబడదన్నదే నా సమాధానం. ఆయన దానితో పూర్తిగా తృప్తి పడలేదు, కాని మొదటి వారపు బాధ్యత మాత్రం తానే తీసుకున్నారు.

రంజాన్ మాసం మొదలై మూడు రోజులే అయింది. అడ్డాలో ముస్లిం పనివాళ్లు చాలామంది ఉన్నారు. ఉపవాసం ఉన్నవాళ్లు పగలు నీళ్లు ముట్టరు కాబట్టి, వాళ్ల ముందు గ్లాసు చాపి బలవంతపెట్టవద్దని మా పిల్లలకు చెప్పాము. ఒక పెద్దాయన ముఖం కడుక్కోవడానికి నీళ్లు దొరుకుతాయా అని అడిగారు. ఆ పక్కనే ఒక కుళాయి విడిగా ఏర్పాటు చేయవలసి ఉందని అప్పుడు తెలిసింది.

ఆడవాళ్లు మొదటి రోజు ఇద్దరే లోపలికి వచ్చారు. మిగిలినవాళ్లు గేటు దాకా వచ్చి, లోపల మగవాళ్లు కుర్చీలు వేసుకొని కూర్చోవడం చూసి వెనక్కు పోయారు. రేపటి నుంచి ఉదయం గేటు దగ్గర స్త్రీల సమాజం వాళ్లే ఉండాలి.

మార్చి, మూడో వారం

మరుగుదొడ్డి కడిగే వంతుల కాగితం నోటీసు బోర్డు మీద పెట్టి చాలా రోజులైంది. నీళ్లు పోసే వంతుల కాగితం ఒక్క ఆదివారంలో నిండిపోయింది, ఇది మాత్రం ఖాళీగా ఉండిపోయింది. బీదల కోసం కన్నీళ్లతో ప్రార్థించేవాళ్లు ఉన్నారు, బ్రష్షు పట్టుకోమంటే మాత్రం వాళ్లకు ఊళ్లో అత్యవసరమైన పని గుర్తుకు వస్తుంది. ఎవరినైనా కూలికి పెట్టుకుందామన్న మాట వచ్చింది. ఆ కూలికి వచ్చేది ఎవరో, ఏ కులం నుంచి వస్తారో అందరికీ తెలిసిన సంగతే. మా సంఘంలోనే చాలా కుటుంబాల ముందు తరం ఆ పని నుంచి ఎంత కష్టపడి బయటపడిందో కూడా తెలిసినదే. చర్చి ఆవరణలో మళ్లీ అదే ఏర్పాటు చేయడం మాకు ఇష్టం లేకపోయింది.

స్త్రీల సమాజపు అధ్యక్షురాలు ఆ ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే, అందరూ బయట మాట్లాడుకుంటూ ఉండగా, కొంగు దోపుకొని ఫినాయిలు బుడ్డీ తీసుకొని లోపలికి వెళ్లారు. ఆమె రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. కాగితం మరుసటి వారానికి నిండింది. అందులో మూడో పేరు ఆ స్టివార్డుది.

మార్చి చివర

నీడ కోసం వేపచెట్టు కింద బెంచీలు వేయించాము, కాని వాటి మీద ఎవరూ కూర్చోవడం లేదు. కారణం అడ్డా తీరులోనే ఉంది. మేస్త్రీ బైకు ఆపిన క్షణంలో ముందుగా దగ్గరికి పోయినవాడికే పని దొరుకుతుంది. "ఎంతమంది కావాల?" అని ఆయన అడిగే లోపలే బేరం సగం తెగిపోతుంది. గోడకు లోపల నీడలో కూర్చున్నవాడికి ఆ బైకు కనబడదు. కనబడి లేచి వచ్చేసరికి పని మరొకరిది అయి ఉంటుంది. కాబట్టి మనం లోపల ఎంత సౌకర్యం చేసినా, ఆ సౌకర్యం వాళ్ల కూలిని పోగొట్టేదైతే దాన్ని వాడుకోరు. నీళ్లకు కూడా ఇదే ఇబ్బంది. ఆడవాళ్లు అవసరం కొద్దీ లోపలికి వస్తున్నారు కాని, మగవాళ్లు సీసా నింపుకోవడానికి కూడా వెనకాడుతున్నారు.

పాస్టరుగారు, ఒక బేల్దారి పెద్దాయన కలిసి గోడ చుట్టూ నడిచారు. ఆ పెద్దాయన మా సంఘస్థుడు కాడు, ఎన్నో ఏళ్లుగా ఆ కూడలిలో నిలబడుతున్న మనిషి. "గోడకు ఒక బొక్క పెట్టండి సామీ, కుండలు లోపల, నల్లాలు బయట" అని ఆయనే దారి చూపించాడు. చిన్న మాట, కాని మా కమిటీలో అది పెద్ద గొడవకు దారితీసింది. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మా పాత గోడ కొట్టుకుపోయింది. తరువాత సభ్యులు చందాలు వేసుకొని ఇంకా ఎత్తుగా, బలంగా ఈ గోడ కట్టుకున్నారు. ఆ గోడకే కన్నం వేయమంటే పెద్దలకు మనసొప్పలేదు. పైగా మెథడిస్టు పద్ధతిలో చర్చి ఆస్తి స్థానిక సంఘానిది కాదు, ట్రస్టు కింద ఉంటుంది. గోడ మార్చాలంటే ఈ ప్రాంతపు మా సంఘాలను చూసే డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు గారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. లేఖ రాసి, కొలతలతో కూడిన చిన్న బొమ్మ జతచేసి పంపాము.

ఏప్రిల్, మొదటి రెండు వారాలు

అనుమతి వచ్చింది. పని విశేషాలు కాస్త వివరంగా రాస్తున్నాను, మరొక సంఘం చేయదలచుకుంటే ఉపయోగపడతాయి.

గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ. అందులో మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు మేరకు ఇటుకలు తీసి, పైన బరువు ఆపడానికి ఒక బేతంచర్ల బండను రెండు వైపులా ఆరంగుళాల చొప్పున గోడలోకి చొప్పించి వేశారు. కింద కూడా అదే బండ, కాని లోపలి వైపు అడుగున్నర ముందుకు వచ్చేట్టు వేసి, కింద ఇటుక దిమ్మెలతో ఆనించారు. ఆ బండ మీద ఇసుక పోసి, ఇసుకలో కుండలు కూర్చోబెట్టాము. నల్లాలు బిగించిన పెద్ద మట్టికుండలు మూడు పట్టాయి. కుండ చుట్టూ గోనెసంచి చుట్టి, ఇసుకను, సంచిని పొద్దున ఒకసారి తడుపుతాము. మన గాలిలో తేమ తక్కువ కాబట్టి నీరు త్వరగా ఆవిరై కుండ బాగా చల్లబడుతుంది.

నల్లా ఎత్తు విషయంలో బేల్దారి పెద్దాయన మాట విన్నాము. అడ్డాలో అందరి దగ్గరా లీటరు సీసాలు, కొందరి దగ్గర అయిదు లీటర్ల క్యాన్లు ఉంటాయి. క్యాను నిలువుగా పట్టేంత ఖాళీ నల్లా కింద లేకపోతే మనిషి దాన్ని వంచి, సగం నీళ్లు నేలపాలు చేసి, సగమే నింపుకొని పోతాడు. గ్లాసులు పెట్టలేదు. గొలుసుతో కట్టిన గ్లాసును ఎవరు ఎంగిలి చేశారన్న తగువు మన ఊళ్లలో నీళ్ల దగ్గర ఎట్లా మొదలై ఎక్కడికి పోతుందో తెలిసినదే. సీసా ఉన్నవాళ్లు సీసాలో పట్టుకుంటారు, లేనివాళ్లు దోసిలి పడతారు. గోడ బయట నల్లాల కింద నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీసి వేపచెట్టు మొదలుకు కలిపాము. ముఖం కడుక్కునే కుళాయి దానికి ఎడంగా ఉంది.

కుండల్లో పోసేది మున్సిపాలిటీ నీళ్లే. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి వాటిని కడగడానికి, మరుగుదొడ్డికి వాడుతున్నాము. కుళాయి వచ్చే వేళ డ్రమ్ముల్లో పట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగిన తరువాతే కుండల్లో పోయాలన్నది నర్సమ్మగారి ఆజ్ఞ. కుండలను రోజు విడిచి రోజు కొబ్బరిపీచుతో, ఉప్పుతో తోమాలి. సబ్బు పెట్టకూడదు, మట్టి సబ్బును పీల్చుకొని నీళ్లకు ఆ వాసన పడుతుంది.

నీడ మాట మిగిలింది. గోడ లోపల ఇనుప గొట్టాలు పాతి, చెట్టు నుంచి వాటి మీదుగా రోడ్డు అంచు వరకు ఆకుపచ్చ నీడవల లాగి కట్టాము. ఇప్పుడు రోడ్డు కనబడే చోటే నీడ పడుతుంది. బెంచీలను పిల్లల సండేస్కూలుకు ఇచ్చేశాము.

ఏప్రిల్ చివర, ఈస్టరు తరువాత

తొమ్మిది గంటలు దాటేసరికి అడ్డా పలచబడుతుంది. అప్పటికీ మిగిలిపోయేవాళ్లు ఎవరో ఈ నెల రోజులుగా చూస్తున్నాము. అరవై దాటిన వాళ్లు, చెయ్యి వణికేవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న తల్లి, ముందు రోజు తాగి వచ్చినవాళ్లు. పదింటికి వాళ్లు కూడా ఇళ్లకు పోతారు. బస్సు చార్జీ, సద్దిమూట, ఒక పగలు, అన్నీ వృథా. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో సాయంకాలం దాకా సంతవీధిలో నిలబడిన కూలీల ఉపమానం మీద మేము ఎన్నో ప్రసంగాలు విన్నాము. అవన్నీ యజమాని దయ గురించినవే. ఆ చివరి కూలీ పగలంతా ఏం తిన్నాడు, ఎక్కడ కూర్చున్నాడు అన్నది నేను ఎవరి ప్రసంగంలోనూ వినలేదు.

బీపీ చూడడానికి సరైన వేళ కూడా అదేనని తేలింది. నర్సమ్మగారు మొదట ఆరింటికే మిషను పెట్టుకొని కూర్చున్నారు. కాని కొలిచే ముందు మనిషి అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున ఆనించాలి, అప్పుడే టీ తాగి ఉండకూడదు. పని కోసం మెడ చాపి రోడ్డు వైపు చూస్తున్న మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు, కూర్చోబెట్టినా వచ్చే అంకె నమ్మదగినది కాదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు తొమ్మిదిన్నరకు, మిగిలినవాళ్లకు చూస్తున్నారు. 140కి 90 దాటినవాళ్లకు చీటీ రాసిచ్చి, మరో రోజు మళ్లీ చూసి, అప్పటికీ అట్లాగే ఉంటే పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకొని పోతున్నాము. చీటీ ఇచ్చి పంపితే వెళ్లరు. తోడు మనిషి ఉంటేనే వెళతారు. మందులు మేము ఇవ్వకూడదన్నది ఆమె మొదటి నుంచీ పెట్టిన నియమం. వెస్లీ 1746లో లండన్‌లో ఫౌండరీ అనే తన ప్రార్థనా మందిరంలో బీదలకు ఉచిత మందుల శాల తెరిచాడన్న కథ ఒక యువకుడు ఉత్సాహంగా ఎత్తుకుంటే, "ఆ కాలంలో ఆయన కాడికి పోకుంటే ఇంకో దిక్కు లేదు నాయనా, మనకు సర్కారు కేంద్రం ఉంది, అక్కడికి దారి చూపించేదే మన పని" అని ఆమె తేల్చారు. నాకు ఆ మాట నచ్చింది.

ఎండ ముదిరింది. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు అయిపోయిన రోజు ఇంట్లో చేసుకునే కొలత గోడ మీద రాయించాము: లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టినట్టుగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదమని కూడా రాయించాము. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతున్న మనిషి కనబడితే నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి 108కి ఫోను చేయాలని, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదని గేటు దగ్గర ఉండేవాళ్లందరికీ నేర్పాము.

మే

వార్డులో పెద్ద పదవి ఆశిస్తున్న ఒకాయన మనిషిని పంపించి, కుండలు, మజ్జిగ అన్నీ తానే ఇస్తానని, నీడవలకు తన ఫ్లెక్సీ కడితే చాలునని కబురు చేశారు. వద్దని మర్యాదగా చెప్పి పంపాము. ఆ మరుసటి వారమే మాలోనే ఒకరు చర్చి పేరుతో పెద్ద ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. ఆయనకూ అదే జవాబు.

ఈ నెలంతా కాగితాల పని. అడ్డాలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఏం వస్తుందని అడిగితే చాలామంది చేతులు తిప్పారు. ఇ-శ్రమ్ కార్డు 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులకు ఉచితంగా ఇస్తారు. కాని ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు చాలామందికి ఇప్పుడు లేదు, సిమ్ములు మారిపోయాయి. అలాంటివాళ్లను వేలిముద్రతో చేసే సేవాకేంద్రానికి మా యువకులు బైకు మీద తీసుకుపోతున్నారు.

ప్రధానమంత్రి సురక్షా బీమా సంగతి ఇంకా చిన్నది. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు. ఆ ఇరవై రూపాయలు జూన్ 1 లోపు ఖాతా నుంచి కోత పడతాయి. ఖాతాలో లేకపోతే బీమా ఆగిపోతుంది. బ్యాంకు నుంచి కూలి మొత్తాన్ని తీసేసుకునే మనుషులకు ఈ తేదీ ఎవరూ చెప్పరు. మే చివరి పది రోజులు గేటు దగ్గర ఉన్నవాళ్లు నీళ్లతో పాటు "ఖాతాలో ఇరవై పెట్టినావా అన్నా?" అని అందరినీ అడిగారు. కొంతమందికి అది విసుగు తెప్పించింది కూడా.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కష్టంగా ఉంది. చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, గడచిన పన్నెండు నెలల్లో 90 దినాలు ఆ పని చేసినవాళ్లు అర్హులు. అడ్డా కూలీ ఏడాదిలో రెండు వందల దినాలు చేస్తాడు, అయితే రోజుకొక మేస్త్రీ దగ్గర చేస్తాడు. చేసినట్టు రాసి ఇచ్చేవాడు ఉండడు. అందుకని జేబులో పట్టే చిన్న నోటు పుస్తకాలు కొని పంచాము. తేదీ, పని జరిగిన చోటు, మేస్త్రీ ఫోను నంబరు, సంతకం అని గీతలు గీసి ఇచ్చాము. కార్మిక శాఖ కార్యాలయంలో దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది దరఖాస్తులు పెట్టినప్పుడు తేలుతుంది. ఈలోగా పుస్తకం వేరే రకంగా పనికి వచ్చింది. కూలి ఎగ్గొట్టిన ఒక మేస్త్రీకి ఒకామె తన పుస్తకంలో ఆయన చేసిన సంతకం చూపించి, నాలుగు దినాల బాకీ రాబట్టుకుంది.

జూన్

కాన్ఫరెన్సు జాబితా వచ్చింది. పాస్టరుగారికి బదిలీ. వీడ్కోలు కూటంలో ఆయనకు శాలువా కప్పిన వాళ్లలో అడ్డా నుంచి వచ్చిన బేల్దారి పెద్దాయన ఒకరు.

కొత్త పాస్టరుగారు వచ్చిన మొదటి వారమే గేటు సంగతి అడిగారు. పాస్టరుగారి నివాసమైన పార్సనేజీలో చిన్న పిల్లలు ఉన్నారు, తెల్లవారకముందే ఆవరణలో కొత్త మనుషులు తిరగడం ఆయన భార్యకు భయంగా ఉంది. అది న్యాయమైన భయమే. పార్సనేజీకి, మరుగుదొడ్డికి మధ్య ఇనుప జాలీ వేయించి, గుడి తలుపులకు లోపలి గ్రిల్ బిగించాము. ఆయన అడిగిన రెండో ప్రశ్న: "తాళంచెవి నాకు ఇస్తారా?" ఇవ్వలేదు. నాలుగు పేటల బాధ్యులకు నాలుగు చెవులు ఉన్నాయని, ఆ వారపు వంతు ఎవరిదో నోటీసు బోర్డు మీద ఉంటుందని చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, తన పేరు కూడా మరుగుదొడ్డి వంతుల కాగితంలో రాయమన్నారు. బదిలీ జరిగిన వారం గేటు ఒక్కరోజు కూడా ఆలస్యంగా తెరుచుకోలేదు. ఈ డైరీలో నేను ముఖ్యంగా నమోదు చేయదలచుకున్న సంగతి ఇదే.

ఆగస్టు

వానలు పడ్డాయి. పల్లెల్లో కలుపుతీతలు మొదలైనందున అడ్డాకు వచ్చే ఆడవాళ్లు తగ్గారు. నీడవల మీద టార్పాలిన్ కప్పాము. కుండల్లో రెండు తీసేశాము, చల్లటి నీళ్లు ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. పిడికెడు బియ్యం వేలం డబ్బు కొంత మిగిలింది.

దసరా తరువాత పనులు మళ్లీ పుంజుకుంటాయి. అప్పటికి రెండు పనులు కావాలని అడ్డా ఆడవాళ్లు చెప్పారు. మొదటిది రెండో మరుగుదొడ్డి, అందులో మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కూర్చోగలిగే కమోడు. రెండోది లోపల ఒక కొయ్య, తలుపుకు పనిచేసే గడియ. గడియ ఈ వారమే వేయించాము. రెండో దొడ్డికి ఇప్పుడున్న సెప్టిక్ ట్యాంకు సరిపోతుందో లేదో బేల్దారి పెద్దాయన మూత తీసి చూసి, సరిపోదన్నాడు. కొత్త ట్యాంకు వేపచెట్టు వేళ్లకు దూరంగా, బోరుకు ఇంకా దూరంగా తవ్వాలి. అంత జాగా పార్సనేజీ వెనుక మాత్రమే ఉంది. అంచనా వేసి ఇచ్చే పని ఆయనకే అప్పగించాము, ఈసారి కూలి తీసుకోవాలన్న షరతు మీద. వచ్చే నెల మొదటి ఆదివారం కమిటీ ముందు ఆ కాగితం పెడతాము.